ఆరడుగుల తీగ, చెంబెడు మజ్జిగ

మొన్న నా పేస్‌మేకరుకు ఏడాది పరీక్ష చేయించుకోవడానికి వెళ్ళాను. అక్కడి టెక్నీషియను, మీసం ఇంకా నిలదొక్కుకోని వాడు, నన్ను బల్ల మీద పడుకోబెట్టి అదెలా పనిచేస్తుందో పావుగంట పాఠం చెప్పాడు. "భయపడకండి తాతగారూ. ఇది డబ్బా, ఇది తీగ. డబ్బా దెబ్బ కొడుతుంది, తీగ దాన్ని గుండెకు చేరుస్తుంది, అంతే" అన్నాడు, చంటిపిల్లకు అన్నం కలిపి పెట్టేంత ఓపికగా. నేను బుద్ధిగా తలూపాను. వాళ్ళ నాన్న పుట్టకముందే నేనీ పని చేశాననీ, చేసి ఒక మనిషిని చంపినంత పని చేశాననీ, చివరికి మజ్జిగతో గట్టెక్కాననీ చెబితే వాడు నమ్మడు. నమ్మకపోగా నన్ను మతిమరుపు డాక్టరు దగ్గరికి పంపుతాడు. అందుకని వాడికి చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను. తెరలు చూసి బతికే పిల్లలంతా చదవండి.

నేను డాక్టరును కాను, ఇంజనీరునూ కాను. ఆత్మకూరులో చదువు ఆపేసి, కర్నూలు వచ్చి ఒక రేడియో మరమ్మతుల దుకాణంలో చేతులు కాల్చుకుని, తర్వాత ఒక ఆసుపత్రిలో ఎలక్ట్రీషియనుగా కుదిరాను. ఆసుపత్రి పేరు చెప్పను. అందులో చాలామంది ఇప్పుడు లేరు, ఉన్నవాళ్ళకు మర్యాదగా బతకాలని ఉంటుంది. ఫ్యాన్లు, బల్బులు, ఆపరేషన్ గది దీపం, పెద్ద డాక్టరుగారింటి రేడియో, ఇవి నా శాఖలు. గుండె చప్పుడును కాగితం మీద గీసే ఇసిజి యంత్రం కొత్తగా వచ్చినప్పుడు దాన్ని ముట్టుకోవడానికి నర్సులు భయపడ్డారు, కాంపౌండరు ఒప్పుకోలేదు. "తీగలున్నాయి కదా, నీదే" అని పెద్ద డాక్టరు నా నెత్తిన పెట్టాడు. అలా నేను గుండె శాఖలోకి వచ్చాను.

రాజధాని హైదరాబాదుకు తరలిపోయి ఒకటి రెండేళ్ళయిన రోజులవి. మూడేళ్ళపాటు డేరాల్లో, అద్దె ఇళ్ళలో ప్రభుత్వాన్ని చూసిన ఊరు మళ్ళీ మామూలు ఊరైపోయింది. అప్పుడే మా ఆసుపత్రికి కోస్తా నుంచి ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. విదేశంలో రెండేళ్ళు చదివాడు, మంచివాడు, నున్నటి కాగితం మీద ముద్రించిన దేన్నైనా నమ్మేవాడు. ఒకరోజు ఒక పత్రిక పట్టుకుని నా గదికొచ్చాడు. అందులో ఒక పెట్టె, దాని నుంచి రెండు తీగలు, తీగల చివర రెండు రేకులు, రేకుల మధ్యలో ఒక తెల్లవాడి ఛాతీ. "ఆగిపోయిన గుండెను ఇది బయటి నుంచి కొట్టిస్తుందండీ. ఇలాంటిది మనం చేయలేమా?" అన్నాడు. డాక్టర్లు "మనం" అన్నప్పుడల్లా అది నేనేనని నాకు అప్పటికే అనుభవం.

ఎందుకు కొట్టించాలో ఆయన బొమ్మ గీసి చెప్పాడు. గుండెకు కబురు పుట్టేది దాని పై గదిలోనే. అది మధ్యలో ఒక సన్నని దారి గుండా కింది గదులకు చేరితే అవి పిండుకుంటాయి, నెత్తురు ఒంటికి పోతుంది. ఆ దారి తెగిందనుకోండి, పైగది తన మానాన తాను డెబ్బైసార్లు కొట్టుకుంటూనే ఉంటుంది, కిందివాళ్ళకు కబురందదు. కాసేపు ఎదురుచూసి, పైవాళ్ళతో ఇక పని కాదని, కింది గదులు సొంతంగా నిమిషానికి ముప్పైసార్లో ముప్పైరెండుసార్లో లాగిస్తాయి. సచివాలయం వెళ్ళిపోయాక మా ఊరి ఆఫీసులు నడిచినట్టు. అప్పుడప్పుడు ఆ ముప్పై కూడా మరిచిపోతాయి. పది సెకన్లు మరిచిపోతే మనిషి తూలి పడతాడు. అరనిమిషమైతే కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాడు, చూసేవాళ్ళు మూర్ఛ అంటారు. నాలుగైదు నిమిషాలైతే ఇక వైద్యుడితో పనిలేదు. ఆ మరిచిపోయిన కాసేపు బయటి నుంచి ఎవరో ఒకరు కరెంటుతో కొట్టి గుర్తుచేయాలి. అదీ పెట్టె పని.

పెట్టె చేయడం నాకు కష్టం కాలేదు. నా పాత దుకాణంలో ఒక మైకు ఆంప్లిఫయరు మూలన పడి ఉండేది. రాజధాని రోజుల్లో అది చూడని సభ లేదు, మోయని ఉపన్యాసం లేదు. దాని ట్రాన్స్‌ఫార్మరు, వాల్వులు పీకి, నిమిషానికి అరవైసార్లు ఒక్కో దెబ్బ వేసేలా అమర్చాను. అన్నేళ్ళ ఉపన్యాసాల్లో ఎవరి గుండెనూ కదిలించలేకపోయిన సామాను, పాపం, ఇప్పుడు ఆ పనికి కుదిరింది. మొదట నా ముంజేతి మీదే పెట్టుకుని చూశాను. చేతిలోని కాఫీ గ్లాసు వెళ్ళి ఎదురుగోడకు తగిలింది. డాక్టరు సంతోషంతో నన్ను కౌగిలించుకున్నాడు.

"పెట్టె ఎవరైనా చేస్తారండీ. ప్రాణమంతా తీగ చివరే ఉంది" అన్నాడాయన తర్వాత. ఆ మాట అప్పుడు నా చెవికెక్కలేదు. ఎండిన చర్మం కరెంటును రానివ్వదు. రేకుకూ ఒంటికీ మధ్య తడి ఉండాలి, ఆ తడిలో ఉప్పుండాలి, అది ఎండిపోకూడదు. ఉప్పు, గంజిపొడి, గ్లిజరిన్ కలిపి జిగురు చేయమని కాగితం మీద రాసిచ్చాడు. నేను ఆ కాగితం పట్టుకుని స్టోరు కీపరు దగ్గరికి పోయాను. ఆయన కర్నూలు పాతబస్తీ మనిషి, గడ్డానికి గోరింటాకు పెట్టుకునేవాడు, స్టోరులో ఉన్న ప్రతి సీసా తన సొంత కూతురైనట్టు కాపాడేవాడు.

"గ్లిజరినా? ఎవురి గొంతులో పుండు లేసిందప్పా?" అన్నాడు.

"గొంతుకు కాదు సాహెబ్, గుండెకు."

"గుండెకు గ్లిజరిన్ పూసేది నా సర్వీసులో యాడా చూడ్లేదు. ఇండెంటు మూడు కాపీలు తీస్కరా, పెద్ద డాక్టరు దస్కతుతో."

"పెద్ద డాక్టరు లీవులో ఉండాడు కదా."

"అయితే గుండెను గూడా లీవులో ఉండమను."

ఆయన అన్నది పద్ధతి ప్రకారం సరైనదే. నేను చేసిందే పద్ధతి కాదు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని క్యాంటీనుకు పోయాను. రేడియో దుకాణంలో ఉన్నప్పుడు సినిమా వాల్‌పోస్టర్లు అంటించడానికి మైదా జిగురు ఎన్నిసార్లు కాచానో లెక్కలేదు. జిగురు జిగురే కదా అనుకుని రెండు గుప్పిళ్ళ మైదా, గుప్పెడు ఉప్పు వేసి కాచి, చల్లార్చి, డాక్టరుకు చూపించాను. తెల్లగా నిగనిగలాడుతోంది. "భేష్" అన్నాడాయన. అందులో గ్లిజరిన్ లేదని నేను చెప్పలేదు. ఆయన అడగలేదు.

ఆ వారంలోనే వచ్చాడు మా మనిషి. బద్వేలు అవతలి పల్లెలో మగ్గం నేసేవాడు, యాభై ఏళ్ళుంటాయి. ఆరునెలలుగా ఉన్నట్టుండి పడిపోతున్నాడు. పీరుసాహెబు తాయెత్తు కట్టాడు, ఊళ్ళో వైద్యుడు పసరు పోశాడు, కడపలో ఒక డాక్టరు నాడి పట్టుకుని తన గడియారం ఆగిపోయిందేమోనని విదిలించి చూసుకుని, కర్నూలు పొమ్మన్నాడట. వచ్చేటప్పుడు బస్సులో రెండుసార్లు పోయాడు. మనిషి చచ్చిపోయాడు దించేయమని తోటివాళ్ళు గోలపెడుతుంటే, "లేస్తాడు, నిలుపు" అని ఆయన పెళ్ళాం బస్సును రోడ్డు పక్కన ఆపించి కూర్చుందట. లేచాడు. నాడి నిమిషానికి ముప్పై.

నోరు మాత్రం డెబ్బైకి తగ్గకుండా కొట్టుకునేది. నేను మొదటిసారి రేకులు తెచ్చి ఆయన ఛాతీ కొలతలు తీస్తుంటే పెట్టెను ఎగాదిగా చూశాడు.

"ఏమప్పా, నన్ను రేడియో చేస్తాండావా?"

"చేస్తే ఏ స్టేషను కావాల నీకు?"

"బద్వేలు పెట్టు. మా ఇంటికాడ వానొచ్చిందో లేదో కనుక్కుంటా."

భార్య ఆయనకు పూర్తిగా వేరు. సన్నటి మనిషి, మాట తక్కువ. మంచం కాళ్ళ వైపు నేల మీద కూర్చుని, ఒక చెయ్యి చాచి ఆయన చీలమండ పట్టుకుని ఉండేది. తినేటప్పుడూ అంతే, కునుకు తీసేటప్పుడూ అంతే. పాదసేవ చేస్తోందని వార్డంతా చెప్పుకునేది. పక్కమంచం ముసలాయన తన భార్యకు చూపించి బుద్ధి చెప్పాడు కూడా. నాకు మాత్రం ఆమె అడ్డం. ఇసిజి తీయాలంటే కాళ్ళకు తీగలు కట్టాలి, అక్కడ ఆమె చెయ్యి.

"అమ్మా, మొగుడి కాళ్ళు ఇంటికి పోయినాక పిసుకుదువులే. తీగలకు అడ్డమొస్తాండావు" అన్నాను ఒకరోజు. వార్డులో అందరూ నవ్వారు. నేనన్నది నవ్వించడానికే.

ఆమె నవ్వలేదు, కోపగించుకోలేదు. చెయ్యి రెండు అంగుళాలు జరిపింది. "నీ పని నువ్వు చూసుకో అప్పా. నా పని నన్ను చూసుకోనీ" అంది.

ఇక అసలు రోజు. వైశాఖ మాసం, కర్నూలు ఎండ. ఆ ముందురోజు ఆయన మూడుసార్లు పడ్డాడు, చివరిసారి మరీ ఎక్కువసేపు. అందుకని పెట్టెను మంచం పక్కనే సిద్ధంగా పెట్టమన్నాడు డాక్టరు. వాల్వుల పెట్టె కదా, పాత రేడియోలాగా వేడెక్కితే గానీ నోరు తెరవదు. అందుకని పొద్దున ఎనిమిదింటికే స్విచ్చి వేసి ఉంచాను. అవసరం వచ్చినప్పుడు వెతుక్కోకుండా, రేకులకు నా మైదా జిగురు దట్టంగా పూసి, గుడ్డ వేసి, రబ్బరు పట్టీతో ఛాతీకి కట్టేశాను. నెత్తిన ఫ్యాను, పక్కన వేడెక్కిన పెట్టె, కిటికీలోంచి వడగాలి. నా ముందుచూపుకు నేనే మురిసిపోయి టీ తాగాను.

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ఆయన ఏదో ఎగతాళి చేస్తూ చేస్తూ మాట మధ్యలో ఆగిపోయాడు. కళ్ళు పైకి వెళ్ళాయి. "నిలిచిపాయ" అని కాళ్ళ దగ్గర నుంచి ఆమె అరిచింది, మేమెవరమూ చూడకముందే. డాక్టరు పరుగెత్తుకొచ్చి ఛాతీ మీద పిడికిలితో గుద్దడం మొదలుపెట్టాడు, నేను పెట్టె మీట తిప్పాను. పెట్టె టక్కు టక్కుమంది. ఇసిజి కాగితం మీద సూది ఎగిరి, నిలువుగా, అందంగా, తాడు పట్టి గీసినట్టు గీతలు. ఒకటి, రెండు, మూడు. దెబ్బదెబ్బకూ ఆయన భుజాలు ఎగురుతున్నాయి, మెడ దగ్గర నరం ఎగురుతోంది. డాక్టరు గుద్దడం ఆపి మెడ మీద వేళ్ళు పెట్టి, "కొట్టుకుంటోంది!" అని కేకవేశాడు. సిస్టరమ్మ దండం పెట్టింది. నేను కాగితం చేత్తో పట్టుకున్నాను. ఆ క్షణంలో నాకు ఒక విగ్రహం ఎక్కడ పెడితే బాగుంటుందా అన్న ఆలోచన వచ్చిన మాట నిజం.

"కొట్టుకోలేదు" అంది ఆమె.

"ఇదో చూడమ్మా" అని కాగితం ఆమె ముందు పట్టాను. "నిమిషానికి అరవై. నా గుండె కన్నా నీ మొగుడి గుండే బాగా కొట్టుకుంటాండాది."

"కాగితం కొట్టుకుంటాండాదేమో. ఈడ లేదు."

"ఎక్కడ?" అన్నాడు డాక్టరు.

"ఈడ సామీ, చీలమండ వెనకాల. వస్తే ఈడ రావల్ల. రాలేదు."

డాక్టరు మంచం చుట్టూ తిరిగి వచ్చి, మోకాళ్ళ మీద కూలబడి, ఆమె వేలు తీసిన చోట తన వేలు పెట్టాడు. ఆయన ముఖంలో నెత్తురు దిగిపోవడం నేను చూశాను. ఆ గీతలు గుండెవి కావు. నా పెట్టె కొట్టిన దెబ్బను నా యంత్రమే రాసుకుని నాకే చూపిస్తోంది. మెడ దగ్గర ఎగిరింది నాడి కాదు, కరెంటుకు అదిరే కండ. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. పెట్టె కొట్టడం వేరు, గుండె అందుకోవడం వేరు. ఆ రెండూ కాగితం మీద ఒకేలా కనిపించే సమయాలుంటాయి.

డాక్టరు మళ్ళీ గుద్దుతూ "వోల్టేజి పెంచండి" అని అరిచాడు. పెంచాను. మనిషి మంచం మీద ఎగిరిపడ్డాడు, పాదం దగ్గర మాత్రం ఏమీ లేదు. అప్పుడు రేకు కింద వేలు దూర్చి చూశాను. జిగురు ఎండి అప్పడమైపోయి ఉంది. గ్లిజరిన్ ఎందుకు రాశాడో ఆ వేలికి అర్థమైంది. "సెలైన్! ఉప్పునీళ్ళు!" అని అరిచాను. సెలైను బీరువా తాళం స్టోరు కీపరు దగ్గర, స్టోరు కీపరు భోజనానికి ఇంట్లో. సిస్టరమ్మ బీరువా తలుపు పట్టుకుని ఊపుతోంది. మంచం మీద ఆయన పెదవులు నేరేడుపండు రంగుకు తిరుగుతున్నాయి.

ఆమె ఒక చెయ్యి కాలి మీదే ఉంచి, ఇంకో చేత్తో మంచం కింద నుంచి ఇత్తడి చెంబు తోసింది.

"మజ్జిగప్పా. ఉప్పేసి ఉండాను."

ఆలోచించే తీరిక లేదు. పట్టీ లాగి, గుడ్డలు చెంబులో ముంచి, కరివేపాకు రెబ్బతో సహా రేకుల కింద పెట్టి అదిమాను. పెట్టె టక్కుమంది. కాగితం మీద సూది ఎగిరింది. ఈసారి నేను కాగితం చూడలేదు. ఆమెనే చూశాను. డాక్టరూ ఆమెనే చూశాడు. వార్డంతా ఆమె ముఖం వైపే చూస్తోంది.

"ఆఁ" అంది. "వచ్చ. మళ్ళా వచ్చ. ఉండాది సామీ, ఉండాది."

ఆయన కళ్ళు తెరవడానికి ఇంకో నిమిషం పట్టింది. తెరిచి, సెకనుకో దెబ్బ పడుతుంటే, "ఎవుర్రా అది గుద్దేది?" అన్నాడు. "మజ్జిగ పోసిందెవురు నామీద? తాగనీకి ఇయ్యమంటే ఇయ్యకపోతిరి" అన్నాడు మళ్ళీ. డాక్టరు నేల మీద కూర్చుని నవ్వుతూ ఏడ్చాడు. నేను ఏడ్వలేదు, కానీ పెట్టె మీట మీద నుంచి చెయ్యి తీయడానికి చాలాసేపు ధైర్యం రాలేదు.

సాయంత్రందాకా ఆయన ఆ దెబ్బలు తిన్నాడు. ప్రతి దెబ్బకూ నన్నూ, నన్ను కన్నవాళ్ళనూ తలుచుకున్నాడు. బద్వేలు వైపు తిట్లలో ఎంత వైవిధ్యముందో నాకు అప్పటిదాకా తెలియదు. గంటకోసారి ఆమె కొత్తగా మజ్జిగ కలిపేది, నేను గుడ్డలు తడిపేవాణ్ణి. దీపాలు పెట్టే వేళకు ఆయన గుండె దానంతటదే ముప్పైఆరుకు వచ్చింది. పెట్టె ఆపి చూశాం. ఆగలేదు. కేసు షీటులో డాక్టరు మజ్జిగ అని రాయలేక "లవణ ద్రావణం" అని రాశాడు. తర్వాత ఆయన మద్రాసులో ఏదో సభలో ఈ సంగతి చెప్పినప్పుడు అది "స్థానికంగా తయారుచేసిన ద్రావణం" అయిందని విన్నాను. జిగురు ఎండిపోయినందుకు నిందంతా కర్నూలు ఎండ మీద వేశాడు. ఎండ ఎలాగూ నోరెత్తి కాదనదు, నేనూ ఎత్తలేదు.

మరునాడు డాక్టరు ఆమెను కుర్చీ వేసి కూర్చోబెట్టి అడిగాడు, కాలి దగ్గర నాడి చూడటం ఎవరు నేర్పారని. ఆమె కుర్చీ అంచున కూర్చుంది.

"ఎవురు నేర్పుతారు సామీ. ఈయప్ప పడినప్పుడల్లా ఊరోళ్ళంతా తలకాడ చేరతారు. ఒకరు నీళ్ళు కొడ్తారు, ఒకరు ఉల్లిగడ్డ వాసన చూపిస్తారు, ఒకరు చేతిలో ఇనప బీగాల గుత్తి పెడ్తారు. నాకు తావుండదు. కాళ్ళకాడ కూచోని అరికాళ్ళు రుద్దేదాన్ని. రుద్దుతా రుద్దుతా ఉంటే ఈడ తెలిసె. ఇది నిలిస్తే పడతాడు, ఇది వస్తే లేస్తాడు."

మేము పాదసేవ అనుకున్నది అదీ. డాక్టరు ఆ పూట నుంచి రౌండ్లకు వచ్చినప్పుడు ముందు ఆమెను అడిగి, తర్వాత కాగితం చూసేవాడు. నేనన్న మాటకు క్షమాపణ చెప్పుకోవాలని నాకు రోజూ ఉండేది. రోజూ ఏదో ఒక ఫ్యాను తిరగడం మానేసేది, నేను అటు పోయేవాణ్ణి. నిజానికి ఆ ఫ్యాన్లు ఆగలేదు.

మూడు వారాలకు మాత్రలిచ్చి ఇంటికి పంపేశారు. అంతకుమించి మా చేతుల్లో ఏమీ లేదు. మూట కట్టుకుని బయలుదేరేముందు ఆమె నా గదికొచ్చి, బల్ల మీది పెట్టెను చూస్తూ నిలబడింది.

"దీన్ని మాతో పంపీకి కాదా అప్పా?"

"మీ ఊర్లో కరెంటుందామ్మా?"

"బద్వేల్లో ఉండాదంట. మాకు రాలేదు."

"ఇది ఎప్పుడూ గోడకు తగిలించి ఉండాల. లేకపోతే పని చెయ్యదు."

ఆమె తీగను చేతిలోకి తీసుకుని, గోడ నుంచి పెట్టెదాకా, పెట్టె నుంచి రేకుదాకా, నూలు కొలిచినట్టు మూర వేసి చూసింది. "ఎంత పొడుగుండాది?"

"గోడ నుంచి ఆరడుగులు."

"శానా పొట్టిదప్పా. బద్వేలు నుంచి మా ఊరు నాలుగు కోసులు" అని, తీగను చుట్టగా చుట్టి, తీసిన చోటే పెట్టి వెళ్ళిపోయింది. నేను చేసిన యంత్రం గురించి అంత సూటిగా చెప్పిన వాళ్ళు మళ్ళీ నాకు తగల్లేదు.

మరుసటేడు వానలు వెనకపట్టాక ఒక ఉదయం ఆమె మళ్ళీ వచ్చింది. ఒక్కతే వచ్చింది. చూడగానే అర్థమైంది, అయినా "బాగుండాడా?" అని అడిగాను. మనిషికి ఆ వెధవ అలవాటు పోదు.

"పోయినాడప్పా. మగ్గంలోనే." చేతిలో గుడ్డ మూట విప్పుతూ చెప్పింది. "నేను పక్కనే కూచోని నూలు కండెలు చుడతాండా. మగ్గం చప్పుడు నిలిచ. చూస్తే ముందుకు వాలినాడు. కూచున్నప్పుడు కాళ్ళు గుంతలో ఉంటాయి కదప్పా. నేను లేసి, పోయి, గుంతలో దిగే తలికి... నా చెయ్యి అందలేదు."

మూటలో ఒక తువ్వాలు ఉంది. ఎర్రంచు, చెయ్యి వేస్తే మెత్తగా. "ఇది నీకని నేసినాడు. గుద్దినోనికి ఇయ్యి అన్నాడు."

అప్పుడిక ఆగలేకపోయాను. ఏడాదిగా ఎవరికీ చెప్పనిది చెప్పేశాను. "అమ్మా, ఆ పొద్దు జిగురు ఎండిపోయింది ఎండకు కాదు. నా తప్పు. డాక్టరు చెప్పిన మందు వెయ్యకుండా మైదాతో కాచినా. సినిమా బొమ్మలు అంటించే జిగురు. నువ్వు లేకుంటే ఆ పొద్దే పోయుండు."

ఆమె నా వైపు వింతగా చూసింది.

"తెలుసు కదప్పా. సాయంత్రం ఆయప్ప ఒళ్ళు కడిగింది నేనే కదా. ఇంటికాడ పడుగు నూలుకు గంజి పెట్టేది మేమే. ఎండలో గంజి ఎంతసేపు తడిగా ఉంటాదో మాకు తెలీదా?"

"తెలిసీ డాక్టరుకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్పుంటే నిన్ను తీసేసుందురు. నిన్ను తీసేస్తే పెట్టె మీట తిప్పేదెవురు?" అంది. తువ్వాలు నా చేతిలో పెట్టి, "ఏడాది నేసినాడప్పా ఆ పొద్దు తర్వాత. ఏడాది తక్కువా?" అంది. నేను ఆ తువ్వాలులో ముఖం పెట్టుకుని ఏడ్చాను. ఆమె నేను ఏడవడం ఆపేదాకా నిలబడి, బస్సు టైమైందని వెళ్ళింది.

ఆ తర్వాత స్టోరు కీపరు దగ్గర నుంచి గ్లిజరిన్ సీసా పట్టుకుపోవడానికి మూడు కాపీలేం ఖర్మ, పదమూడు కాపీలు రాశాను. ఆయన రిటైరయ్యేదాకా నన్ను "గుండె సాహెబ్" అని పిలిచేవాడు.

పెట్టెలు నా కళ్ళముందే చిన్నవయ్యాయి. గోడను వదిలి బ్యాటరీ మీదికి, మంచం పక్కనుంచి చర్మం కిందికి వచ్చాయి. ఇప్పుడు నాకున్న డబ్బా అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. తీగ మూరెడు. భుజం కింది నరంలోంచి గుండెలోకి దిగి, కొసన చిన్న స్క్రూ లాంటి మరతో లోపలి కండను పట్టుకుని ఉంది. అక్కడ ఎప్పుడూ తడే, ఎప్పుడూ ఉప్పే. దానికి మైదా పూసే అవకాశం ఎవరికీ లేదు. అయినా ఆ మర పట్టు వదిలిన రోజు, తీగ లోపల ఎక్కడైనా విరిగిన రోజు, డబ్బా తన పాటికి తాను టక్కుమంటూనే ఉంటుంది. గుండెకు మాత్రం అందదు.

కాబట్టి మొన్న ఆ కుర్రాడు పాఠం ముగించి, తెర వైపు చూసి, "క్యాప్చర్ పర్ఫెక్టుగా ఉంది తాతగారూ, ప్రతి దెబ్బనూ గుండె అందుకుంటోంది, మీరిక లేవచ్చు" అన్నప్పుడు నేను లేవలేదు.

"ఆ తెర వదిలేసి నా కాళ్ళ దగ్గరికి రా నాయనా."

వాడు నర్సు వైపు చూశాడు. నర్సు కళ్ళతోనే సర్ది చెప్పింది, ముసలాళ్ళు ఇంతేనని. వచ్చాడు. చీలమండ వెనక, లోపలి వైపు వేలు పెట్టమన్నాను. పెట్టాడు. దొరకలేదన్నాడు. వేలు కాస్త కిందికి జరపమన్నాను, గట్టిగా నొక్కొద్దన్నాను, నోరు మూసుకుని కాసేపు ఉండమన్నాను. ఉన్నాడు. తెర మీద గీతలు పోతూనే ఉన్నాయి. వాడు వాటిని చూడటం మానేశాడు. అంతసేపూ టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడినవాడు, ఉన్నట్టుండి మనూరి నోటితో మాట్లాడాడు.

"ఉండాది తాతా" అన్నాడు.

"అయితే ఇప్పుడు రాసుకో" అన్నాను.